పాలసీని నష్టం వైపు నుంచి చదవడం: కుటుంబ బీమా రక్షణపై ప్రసంగ పాఠం

సభలోని పెద్దలకు, మిత్రులకు నమస్కారం. ఈ రోజు వచ్చేటప్పుడు మీ ఇంట్లో ఉన్న బీమా పాలసీలలో ఒకదాన్నైనా వెంట తెచ్చుకోవలసిందిగా నిర్వాహకుల ద్వారా కోరాను. చాలామంది తెచ్చినట్టు కనిపిస్తోంది, సంతోషం. ప్రసంగం ముగిశాక వాటితో పని ఉంది కనుక అప్పటిదాకా వాటిని సంచుల్లోనే ఉంచండి.

నేను చాలా ఏళ్లు నష్టాలను అంచనా వేసే సర్వేయరుగా పనిచేశాను. మంటలు రేగిన ఇంటికో, నీరు చేరిన ఇంటికో వెళ్లి, ఎంత నష్టం జరిగిందో, అందులో ఎంత భాగం పాలసీ పరిధిలోకి వస్తుందో లెక్కగట్టి నివేదిక రాయడం నా పని. ఆ తొలి రోజుల్లో చూసిన ఒక ఇల్లు ఇప్పటికీ నా కళ్ల ముందే ఉంటుంది. వంటగదిలో మొదలైన మంట ముందుగది దాకా పాకింది. గోడలు నిలబడ్డాయి కానీ లోపలి వస్తువులు దాదాపు అన్నీ పోయాయి. ఇంటి యజమాని, ఇంటికి అప్పు ఇచ్చిన సంస్థ కోరినందున, పదకొండేళ్లుగా ఒక్కసారి కూడా తప్పకుండా ప్రీమియం కడుతున్నారు. పాలసీ మొదటి పుటలోని అంకె ఆయనకు కంఠతా వచ్చు. ఆ అంకె కట్టడానికి మాత్రమే వర్తిస్తుందనీ, ఇంటి సామగ్రికి కేటాయించిన గడిలో సున్నా ఉందనీ ఆ బూడిదలో నిలబడి నేను చెప్పవలసి వచ్చింది. అప్పిచ్చిన సంస్థకు తన తాకట్టులో ఉన్న కట్టడం భద్రంగా ఉంటే చాలు. బట్టలు, మంచాలు, పిల్లల పుస్తకాల గురించి అడగవలసినది ఆ కుటుంబమే. అడగాలని వారికి తెలియలేదు, చెప్పినవారూ లేరు.

ఆ తరువాత చూసిన వందల ఇళ్లలో నాకు స్థిరపడిన అభిప్రాయం ఒకటుంది. మనం పాలసీని కొనే రోజు వైపు నుంచి చదువుతాం: ప్రీమియం ఎంత, బీమా మొత్తం ఎంత, ఎన్నేళ్లు. చదవవలసినది నష్టం జరిగిన రోజు వైపు నుంచి. ఒక నిర్దిష్టమైన నష్టాన్ని మనసులో పెట్టుకుని, ఈ కాగితాలు ఆ రోజున ఏమి ఇస్తాయి, ఎవరికి ఇస్తాయి, ఏ లెక్కన ఇస్తాయి అని ప్రశ్నిస్తూ పుటలు తిప్పితే, అదే పాలసీ వేరే పత్రంలా కనిపిస్తుంది. ఈ సాయంత్రం నేను చెప్పేదంతా ఆ చదువు గురించే.

ముందుగా, బీమా అసలు ఏ పని చేయడానికి పుట్టిందో చూద్దాం. 1666 సెప్టెంబరు 2న లండన్‌లో ఒక రొట్టెల దుకాణంలో మొదలైన మంట నాలుగు రోజులపాటు నగరాన్ని కాల్చివేసి, 13,200 ఇళ్లను, 87 చర్చిలను బూడిద చేసింది. ఇల్లు పోయినవారికి బీమా పరిహారం ఇచ్చే సంస్థేదీ అప్పటికి లండన్‌లో లేదు. ఆ తరువాత, 1680 ప్రాంతంలో, నికొలస్ బార్బన్ అనే వైద్యుడు, కట్టడాల వ్యాపారి, ఇళ్లకు అగ్నిబీమా ఇచ్చే కార్యాలయాన్ని తెరిచాడు. 1693లో, తోకచుక్క వల్ల మనకు పేరు తెలిసిన ఎడ్మండ్ హేలీ, బ్రెస్లా నగరపు జనన మరణాల లెక్కల ఆధారంగా ఏ వయసువారిలో ఏటా ఎందరు మరణిస్తారో చూపే పట్టికను ప్రచురించాడు. వయసును బట్టి జీవిత బీమా ప్రీమియాన్ని శాస్త్రీయంగా నిర్ణయించే సంస్థ 1762లో లండన్‌లో ఏర్పడింది. ఈ ప్రయత్నాలన్నిటి వెనుక ఉన్న గ్రహింపు ఒక్కటే: ఒక ఇంటికి ఏమవుతుందో ఎవరూ చెప్పలేరు గాని, వేల ఇళ్లను కలిపి చూస్తే ఏడాదిలో సుమారు ఎన్ని ఇళ్లు కాలుతాయో చెప్పవచ్చు.

1,000 ఇళ్లలో ఏటా సగటున ఒకటి పూర్తిగా కాలిపోతుందనుకుందాం. ఒక్కొక్కరు తమ ఇంటి విలువలో వెయ్యో వంతు వేస్తే కాలిన ఇంటిని మళ్లీ కట్టవచ్చు. కానీ డబ్బు వసూలు చేయడానికి, లెక్కలు చూడడానికి, క్లెయిములు పరిశీలించడానికి ఖర్చవుతుంది. చెడు సంవత్సరాల కోసం నిల్వ ఉండాలి, సంస్థకు కొంత మిగలాలి. అందుచేత ప్రతి ఇల్లూ వెయ్యో వంతు కన్నా ఎక్కువే కట్టాలి. పాలసీదారులందరినీ కలిపి చూస్తే, నష్టపరిహారంగా తిరిగి వచ్చేది కట్టిన ప్రీమియం కన్నా తక్కువగానే ఉంటుంది. దీనిని అన్యాయంగా భావించనవసరం లేదు. ఒక్కరు మోయలేని బరువును పదిమంది భుజాలపైకి మార్చినందుకు చెల్లించే కూలి అది. అయితే దీని నుంచి ఒక నియమం దానంతట అదే తేలుతుంది: మనంతట మనం మోయగల చిన్న నష్టాలకు ఆ కూలి చెల్లించడం దండగ, మోయలేని పెద్ద నష్టాలకు చెల్లించకపోవడం ప్రమాదం. నేను చూసిన ఇళ్లలో ఈ నియమం తలకిందులుగా ఉండేది. చేతి ఫోను తెర పగిలితే బాగుచేయించే బీమా ఉంటుంది, సంపాదించే మనిషి మంచాన పడితే ఆదుకునే బీమా ఉండదు. క్లెయిములో మొదటి కొంత భాగాన్ని పాలసీదారే భరించే షరతును, అంటే డిడక్టిబుల్‌ను, చాలామంది లోపంగా చూస్తారు. అత్యవసర నిధి ఉన్న కుటుంబం డిడక్టిబుల్ పెంచుకుని, దానివల్ల తగ్గిన ప్రీమియంతో బీమా మొత్తాన్ని పెంచుకోవడం నా దృష్టిలో మంచి బేరం.

మోయలేని నష్టాలేవో ఇక ప్రతి కుటుంబమూ తనకు తానే తేల్చుకోవాలి. సంపాదించేవారి మరణం అందరికీ ముందుగా తోస్తుంది. అక్కడ లెక్క తేలికే: ఆధారపడినవారికి ఏటా ఎంత ఖర్చు, అది ఎన్నేళ్లు కావాలి, తీర్చవలసిన అప్పులెన్ని అని కలిపి, ఉన్న ఆస్తులను తీసివేసి, ధరలు పెరుగుతాయని గుర్తుంచుకుంటే, కావలసిన బీమా మొత్తం సుమారుగా తెలుస్తుంది. ఈ లెక్కలో ఇంటిని నడిపే మనిషిని మరచిపోవడం పెద్ద పొరపాటు. ఆమె గాని ఆయన గాని జీతం తెచ్చేవారు కాకపోవచ్చు. కానీ పిల్లల పెంపకం, వృద్ధుల సంరక్షణ, వంట, ఇంటి నిర్వహణ డబ్బిచ్చి చేయించుకోవలసి వస్తే ఎంతవుతుందో ఒకసారి కాగితం మీద పెట్టి చూడండి.

మరణం కన్నా తక్కువగా ఆలోచించేది, నా అనుభవంలో కుటుంబాలను ఎక్కువగా కుంగదీసేది, దీర్ఘకాలిక అశక్తత. మనిషి బతికే ఉంటారు. ఖర్చు తగ్గకపోగా పెరుగుతుంది, ఆదాయం మాత్రం ఆగిపోతుంది. జీవిత బీమా అక్కడ ఒక్క పైసా ఇవ్వకపోవచ్చు. ఆరోగ్య బీమా ఆసుపత్రి ఖర్చు ఇస్తుంది గాని, ఇంటి అద్దె, పిల్లల ఫీజులు ఇవ్వదు. అశక్తతకు విడిగా ఉండే పాలసీలలో, జీవిత బీమాకు జోడించే అదనపు రక్షణలలో, అంటే రైడర్లలో, నేను మొట్టమొదట వెతికే వాక్యం అశక్తత నిర్వచనం. 'తన సొంత వృత్తి చేయలేకపోవడం' అని ఒక పాలసీ అంటుంది, 'ఏ వృత్తీ చేయలేకపోవడం' అని మరొకటి అంటుంది. వేళ్లు కదలని శస్త్రవైద్యుడు మొదటి నిర్వచనం ప్రకారం అశక్తుడు. రెండో నిర్వచనం ప్రకారం, పాఠం చెప్పగలిగినంత కాలం, ఆయన అశక్తుడు కాకపోవచ్చు. ఒక్క పదం మారితే ఒక కుటుంబపు ఇరవై ఏళ్ల జీవనం మారుతుంది. దానితోపాటు, అశక్తత మొదలైన ఎన్ని రోజుల తరువాత చెల్లింపు మొదలవుతుందో, ఎన్నేళ్ల వరకు సాగుతుందో కూడా చూడాలి. ప్రమాదం వల్ల కలిగిన అశక్తతకు మాత్రమే వర్తించే రైడరు ఉంటే, పక్షవాతం వంటి జబ్బు వల్ల వచ్చినదానికి అది పనికిరాదు.

ఇంట్లో జారిపడిన అతిథికో, మన వాహనం తగిలిన బాటసారికో మనం చెల్లించవలసి వచ్చే పరిహారం కూడా మోయలేని నష్టాలలో చేరుతుంది. దానికి మన ఆస్తి విలువ హద్దు కాదు, ఎదుటివారికి జరిగిన హానియే కొలత. ఈ కారణంగా, ఎదుటివారికి మనం చెల్లించవలసిన పరిహారాన్ని భరించే బాధ్యత బీమాను చివరి పుటలో వచ్చే అదనంగా చూడవద్దు.

ఇప్పుడు కొలత గురించి. జీవిత బీమాలో మనిషి ప్రాణానికి వెల కట్టలేము కనుక, ఒప్పుకున్న మొత్తాన్ని ఇస్తారు. రెండు పాలసీలుంటే రెండూ ఇస్తాయి. ఇల్లు, సామాన్లు, ఆసుపత్రి బిల్లు సంగతి వేరు. అక్కడ బీమా ఇచ్చేది జరిగిన నష్టాన్ని మాత్రమే, లాభాన్ని కాదు. ఈ సూత్రాన్ని స్థిరపరచిన తీర్పులలో 1883 నాటి ఇంగ్లండు తీర్పు ఒకటి ప్రసిద్ధం. ప్రెస్టన్ అనే ఆయన ఇల్లు అమ్మడానికి ఒప్పందం చేసుకున్నాడు. అమ్మకం పూర్తికాకముందే ఇంటికి నిప్పంటుకుంది. బీమా సంస్థ నుంచి పరిహారం తీసుకున్నాడు, తరువాత కొన్నవారి దగ్గర ఇంటి పూర్తి ధరా తీసుకున్నాడు. బీమా సంస్థ దావా వేయగా, ఆయనకు చివరికి నష్టమే మిగలలేదు కనుక పరిహారం తిరిగి ఇవ్వాలని అప్పీలు న్యాయస్థానం చెప్పింది. ఇంటికి ఇదెందుకు పనికివస్తుందంటే, ఒకే వస్తువుకు రెండు పాలసీలు తీసుకుని రెట్టింపు వస్తుందనుకోవడం వృథా. అలాగే, నష్టానికి కారణమైన వ్యక్తి నుంచి వసూలు చేసుకునే హక్కు, పరిహారం ఇచ్చిన మేరకు, బీమా సంస్థకు సంక్రమిస్తుంది. పక్కింటివారి నిర్లక్ష్యం వల్ల మన గోడ కూలితే, సంస్థను అడగకుండా 'మీపై నాకు ఏ దావా లేదు' అని మొహమాటానికి రాసి ఇస్తే, మన క్లెయిముకే చేటు రావచ్చు.

ఇంటి బీమాలో నన్ను ఎక్కువగా బాధపెట్టిన షరతు మరొకటుంది. బీమా మొత్తం అసలు విలువ కన్నా తక్కువగా ఉంటే, పరిహారాన్ని కూడా అదే నిష్పత్తిలో తగ్గిస్తారు. దీనిని సగటు నిబంధన అంటారు. ఇంటి విలువ 100 అనుకోండి. ప్రీమియం ఆదా చేయడానికి 60కే బీమా చేయించారు. నష్టం 20 జరిగింది. నష్టం 60 లోపే ఉంది కదా, 20 వస్తుందని యజమాని అనుకుంటారు. నిబంధన ఉన్న పాలసీ 20లో నూటికి 60 చొప్పున 12 మాత్రమే ఇస్తుంది. మిగతా 8 తానే భరించుకోవాలి. విలువలో 40 భాగాలకు మీకు మీరే బీమా ఇచ్చుకున్నట్టు సంస్థ భావిస్తుంది. ఈ లెక్కను వివరించినప్పుడు ఎదుటివారి ముఖంలో మారే రంగును చాలాసార్లు చూశాను కనుక, మీ ఇంటి పాలసీలో ఈ నిబంధన ఉందా లేదా అన్నది ఈ రోజే చూడమని ప్రాధేయపడుతున్నాను.

విలువ అంటే ఏ విలువ అన్నదీ అంతే ముఖ్యం. అమ్మితే వచ్చే ధరలో స్థలం ధర కలిసి ఉంటుంది, కానీ స్థలం కాలిపోదు. బీమాకు కావలసినది అదే కట్టడాన్ని నేడు మళ్లీ కట్టడానికయ్యే ఖర్చు, శిథిలాలను తొలగించే ఖర్చుతో సహా. సామాన్ల విషయంలో కొన్ని పాలసీలు కొత్త వస్తువు ధర ఇస్తాయి, కొన్ని వాడుక వల్ల తరిగిన విలువను మినహాయించి ఇస్తాయి. పదేళ్లు వాడిన ఫ్రిజ్‌కు తరుగుదల పోగా మిగిలేది కొత్తది కొనడానికి ఏ మూలకూ చాలదు. నగలు, కళాఖండాలు, సంగీత వాద్యాలు వంటివాటికి విడి పరిమితి ఉండడం, దానికి మించిన విలువను ముందే ప్రకటించి జాబితాలో చేర్పించవలసి రావడం మామూలు.

ఆరోగ్య బీమాలోనూ మొదటి పుట అంకెకు, చేతికి వచ్చే మొత్తానికి మధ్య ఎన్నో మెట్లుంటాయి. కొన్ని పాలసీలు గది అద్దెకు పరిమితి పెడతాయి. పరిమితికి రెట్టింపు అద్దె ఉన్న గదిలో చేరితే, అదనపు అద్దె మాత్రమే మనం కట్టుకోవాలని అనుకుంటాం. అటువంటి పాలసీలలో చాలావాటిలో, గది స్థాయిని బట్టి మారే వైద్యుల రుసుము, శస్త్రచికిత్స రుసుము కూడా అదే నిష్పత్తిలో, అంటే సగానికి, తగ్గిస్తారు. కొన్ని చికిత్సలకు విడిగా గరిష్ఠ పరిమితులుంటాయి. బిల్లులో నిర్ణీత శాతం మనమే భరించే కో-పే షరతు ఉండవచ్చు. ముందునుంచీ ఉన్న వ్యాధులకు కొంతకాలం వేచి ఉండాలి. కుటుంబమంతటికీ ఒకే బీమా మొత్తం ఉండే ఫ్లోటర్ పాలసీలో, ఏడాది మొదట్లో ఒకరి చికిత్సకు ఆ మొత్తం అయిపోతే మిగిలినవారికి ఏముంటుందో చూసుకోవాలి. వయసు మళ్లిన తల్లిదండ్రులను పిల్లలతో కలిపి ఒకే ఫ్లోటర్‌లో చేర్చడం కన్నా, వీలైతే వారికి విడి పాలసీ తీసుకోవడమే మేలని నా అభిప్రాయం. ఉద్యోగ సంస్థ ఇచ్చే బీమా ఉద్యోగంతోనే పోతుంది. జబ్బు పడి ఉద్యోగం మానుకోవలసి వచ్చినవారికి, సరిగ్గా అవసరమైనప్పుడే అది చేజారుతుంది.

మినహాయింపుల పుటను చదవడానికి ముందు, ఆ పాలసీ ఏ తరహాదో తెలియాలి. కొన్ని పాలసీలు అగ్ని, పిడుగు, తుపాను అంటూ పేర్కొన్న ఆపదలకే వర్తిస్తాయి. జరిగినది ఆ జాబితాలోదేనని మనం చూపాలి. మరికొన్ని, మినహాయించినవి తప్ప అన్ని ఆకస్మిక నష్టాలకూ వర్తిస్తాయి. అక్కడ మినహాయింపు వర్తిస్తుందని సంస్థ చూపాలి. రుజువు బరువు ఎవరిపై ఉందన్నది చిన్న తేడా కాదు. నీటి నష్టాన్నే తీసుకోండి. పైపు పగిలి చేరిన నీరు, ఏళ్ల తరబడి గోడలోకి ఇంకిన చెమ్మ, ఏరు పొంగి వచ్చిన వరద: మన కంటికి మూడూ నీరే, పాలసీకి మూడూ వేరు. మొదటిదానికి పరిహారం రావచ్చు. రెండోదాన్ని క్రమక్షయమంటూ దాదాపు ప్రతి పాలసీ మినహాయిస్తుంది. మూడోదానికి విడి రక్షణ తీసుకోవలసి రావచ్చు. ఇల్లు వరుసగా 30 లేదా 60 రోజులకు మించి ఖాళీగా ఉంటే రక్షణ తగ్గిపోయే షరతు కూడా తరచుగా ఉంటుంది. పిల్లల దగ్గరికి వెళ్లి మూడు నెలలుండి వచ్చే పెద్దలు దీన్ని గుర్తుంచుకోవాలి.

పాలసీకి పునాది మాత్రం పాలసీలో కాదు, బీమా కోరుతూ మనం నింపిన ప్రపోజల్ ఫారంలో ఉంటుంది. బీమాలో పూర్తి నిజాయితీ ఉండాలన్న సూత్రానికి 1766లో ఇంగ్లండు న్యాయమూర్తి లార్డ్ మాన్స్‌ఫీల్డ్ ఇచ్చిన తీర్పును మూలంగా చెబుతారు. సుమత్రా దీవిలోని ఒక కోటకు అధిపతి అయిన కార్టర్, ఆ కోట శత్రువు వశమైతే పరిహారం వచ్చేలా బీమా చేయించాడు. 1760లో ఫ్రెంచివారు దాన్ని పట్టుకున్నారు. కోట బలహీనతను దాచాడంటూ బీమా ఇచ్చిన బోమ్ చెల్లించడానికి నిరాకరించాడు. తనకు తెలిసిన ముఖ్య విషయాన్ని దాచరాదని మాన్స్‌ఫీల్డ్ చెప్పాడు. అయితే ఆ నిజాయితీ ఇరుపక్షాలకూ వర్తిస్తుందనీ, బీమా ఇచ్చేవాడు తానే తెలుసుకోగల విషయాలను చెప్పలేదని తరువాత వంక పెట్టరాదనీ కూడా చెప్పాడు. ఆ కేసులో గెలిచింది పాలసీదారుడే. ఈ రెండో సగాన్ని ఎవరూ మనకు గుర్తుచేయరు కనుక నేను చెబుతున్నాను. మొదటి సగం మన చేతిలో ఉంది. ఫారాన్ని ఏజెంటు చేతికి ఇచ్చి సంతకం పెట్టవద్దు. పొగాకు అలవాటు, రక్తపోటు, పాత శస్త్రచికిత్స, ఇంటి నుంచి నడిపే వ్యాపారం: అడిగిన ప్రతిదానికీ ఉన్నది ఉన్నట్టు రాసి, నింపిన ఫారం ప్రతిని పాలసీతోనే దాచండి. నిజం చెబితే ప్రీమియం కొంత పెరుగుతుంది. దాచితే, అన్నేళ్లూ ప్రీమియం కట్టి కొన్న రక్షణే అనుమానంలో పడుతుంది.

నామినీ పేరును పెళ్లి, పుట్టుక, మరణం వంటి ప్రతి మార్పు తరువాత సరిచూడాలి. చనిపోయినవారు ఇంకా నామినీలుగా ఉన్న పాలసీలను ఎన్నో చూశాను. నామినీ ఆ సొమ్ముకు హక్కుదారా, వారసుల తరఫున అందుకునేవారు మాత్రమేనా అన్నది ఒక్కో దేశపు చట్టంలో ఒక్కో తీరుగా ఉంటుంది కనుక, వీలునామాతో పొంతన ఉందో లేదో న్యాయవాదిని అడగడం మంచిది.

నష్టం జరిగాక ఏం చేయాలో కూడా పాలసీ షరతుల్లోనే ఉంటుంది. గడువులోగా తెలియజేయాలి. నష్టం మరింత పెరగకుండా, పగిలిన కిటికీకి అడ్డు పెట్టడం వంటి సహేతుకమైన జాగ్రత్తలు తీసుకోవాలి. పాడైన వస్తువులను సర్వేయరు చూడకముందే పారవేయకూడదు. గదిగదికీ ఫొటోలు తీసి, రసీదులతో పాటు ఇంటి బయట మరోచోట భద్రపరచిన కుటుంబాలకు నేను రాసిన నివేదికలు త్వరగా, నిండుగా ఉండేవి. జ్ఞాపకం నుంచి జాబితా చెప్పినవారు మరచిపోయిన వస్తువులు నా నివేదికలోకి రాలేదు. క్లెయిమును తిరస్కరిస్తే, ఏ నిబంధన కింద తిరస్కరించారో రాతపూర్వకంగా అడగండి. ఆ నిబంధన రెండు అర్థాలకు తావిస్తుంటే, దాన్ని రాసినవారికి వ్యతిరేకంగా చదవాలన్నది న్యాయస్థానాలు చాలాకాలంగా పాటిస్తున్న సూత్రం. అందుచేత నోటిమాట తిరస్కారంతో తిరిగి రావద్దు.

నేను చెప్పవలసినది ఇంతే. ఇక మీ పాలసీలు బయటికి తీయండి. మొదటి పుటను పక్కన పెట్టండి. మీ ఇంటికి జరగకూడదని మీరు అన్నిటికన్నా ఎక్కువగా భయపడే నష్టం ఏదో ఒక కాగితం మీద రాసుకోండి. అది రాసుకున్నాక నిర్వచనాల పుట తెరవండి, అక్కడి నుంచి కలిసి చదువుదాం.